డౌన్‌లో బోర్డు ఆపడానికి ఏది మేలు: ఫుట్‌బ్రేకా, స్లైడా?

లాంగ్‌బోర్డు, అంటే పొడవాటి స్కేట్‌బోర్డు, ఎక్కి కాలితో తోసుకుంటూ పోవడం ఎవరికైనా త్వరగానే వస్తుంది. ఆపడం అలా రాదు, ఎందుకంటే దీనికి బ్రేకు ఉండదు. చదును రోడ్డు మీద ఉన్నంతసేపు ఆ లోటు తెలియదు. కిందికి దిగి నాలుగడుగులు పరుగెత్తితే సరిపోతుంది. కానీ హైదరాబాద్‌లో చదును రోడ్డు ఎంత దూరం ఉంటుంది? బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, ఖాజాగూడ, ఎటు పోయినా గ్రానైటు గుట్టల మీద వేసిన రోడ్లే. రెండు సందులు తిరిగేసరికి డౌన్ వచ్చేస్తుంది.

కొత్తగా బోర్డు కొన్న కుర్రాళ్లు, అమ్మాయిలు ముందు అడిగేది ఒకటే: "అన్నా, స్లైడ్ ఎప్పుడు నేర్పిస్తావు?" బోర్డును అడ్డం తిప్పి, చక్రాలను జార్చి వేగం తీయడమే స్లైడ్. వీడియోల్లో చూసేది అదే కాబట్టి ఆ ఆశ సహజం. నా జవాబు ముందే చెప్పేస్తాను. మన ఊళ్లో మొదట రావాల్సింది ఫుట్‌బ్రేక్, అంటే కాలిని రోడ్డుకు ఈడ్చి ఆపడం. అది కళ్లు మూసుకుని చేసేంత అలవాటయ్యాక చేయి కింద ఆనించి చేసే స్లైడ్. నిలబడి చేసే స్లైడ్ మూడోది, దాన్ని ఆపే పద్ధతుల లెక్కలో నేను వేయను. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు వేగం సంగతి. 100 మీటర్ల పొడవులో 5 మీటర్లు దిగే రోడ్డు కంటికి పెద్ద డౌన్‌లా కనిపించదు. స్కూటర్ మీద పోతే అసలు పట్టించుకోం. చక్రాల రాపిడిని, గాలిని లెక్కలోంచి తీసేస్తే, అక్కడ పైనుంచి ఊరికే వదిలిన బోర్డు కిందికి వచ్చేసరికి గంటకు 35 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అందులో ముప్పాతిక వంతు వచ్చినా, మామూలు మనిషి దిగి పరుగెత్తి నిలదొక్కుకోగల వేగం దాటిపోయినట్టే. వేగం రెండింతలైతే మనం అణచాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల మీద ఉన్నప్పుడు సెకనుకు 8 మీటర్లకు పైగా పోతాం. ఏదో ఇంటి గేటులోంచి కారు వెనక్కి వస్తోందని కన్ను చూసి, కాలు కదిలేలోపే అంత దూరం గడిచిపోతుంది. "అవసరమైతే దూకేస్తాలే" అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. దూకడం గంటకు 15 కిలోమీటర్ల లోపు మాట.

ఫుట్‌బ్రేక్ అంటే ముందు కాలి మీద బరువంతా వేసి, వెనక కాలిని దించి, అరికాలు మొత్తం రోడ్డుకు ఆనించి ఈడ్చడం. చెప్పడానికి ఒక వాక్యమే, చేయడానికి మాత్రం ఒంటికాలి మీద నిలబడే బలం కావాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. వెనక కాలు కింద పెట్టగానే బరువు దాని మీదికి జారుతుంది, బోర్డు ముందుకు పారిపోతుంది. బరువు ముందు కాలి మీదే ఉండాలి, ఆ మోకాలు వంగి ఉండాలి, ఛాతీ బోర్డు పోతున్న వైపు తిరగాలి. కింద పెట్టిన కాలు మొదట రోడ్డును ముట్టుకుంటున్నట్టు ఉండాలి, ఆ తర్వాతే మెల్లగా ఒత్తిడి పెంచాలి. మడమ ఒక్కటే ఆనిస్తే కుదుపు మోకాలిదాకా తగులుతుంది. వేళ్లు ఒక్కటే ఆనిస్తే బూటు ముందుభాగం రోడ్డుకు పట్టేసుకుని మనిషి ముందుకు పడతాడు. దీన్ని నేర్చుకోవడానికి డౌన్ అక్కర్లేదు. కాలనీ పార్కు చుట్టూ ఉన్న చదును రోడ్డు చాలు. ఒక గీత గీసుకుని, ప్రతిసారీ దాని దగ్గరే ఆగేలా చూసుకోండి. గీత దాటిపోకుండా ఆగడం వచ్చాక కొంచెం వాలున్న చోటికి వెళ్లండి.

దీనికి అయ్యే ఖర్చు బూట్లే. పలచటి మెత్తటి అడుగున్న స్పోర్ట్స్ షూస్ ఎక్కువ రోజులు ఆగవు. అడుగు చదునుగా, మందంగా ఉన్నవి తీసుకుని, బ్రేకు వేసే కాలికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర పాత టైరు రబ్బరు ముక్క అతికించి కుట్టించుకోవడం మేలైన పని. అరిగినప్పుడు అదొక్కటే మార్పించుకోవచ్చు.

మన రోడ్లకు ఫుట్‌బ్రేక్ ఎందుకు నప్పుతుందంటే, దీనికి వెడల్పు అక్కర్లేదు. బోర్డు నేరుగానే పోతుంది, మీరు ఎదుటికే చూస్తుంటారు. పక్క నుంచి ఆటో వచ్చినా, కుక్క అడ్డం వచ్చినా బోర్డు ఎటు పోతుందో మీ చేతిలోనే ఉంటుంది. రోడ్డంచున పేరుకున్న ఇసుక మీద పట్టు తగ్గినా, ముందు కాలి మీద నిలబడి ఉంటారు కాబట్టి పూర్తిగా అదుపు తప్పదు. దీని హద్దు కూడా గట్టిగానే చెప్పాలి. గంటకు 30 కిలోమీటర్లు దగ్గరపడే సరికి కొత్తవాళ్లకు ఒంటికాలి మీద నిలబడడమే కష్టమవుతుంది. బోర్డు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టిందంటే వెనక కాలు ఎత్తాలంటేనే భయమేస్తుంది. అందుకే వేగం పెరిగాక వేసే బ్రేకుగా దీన్ని చూడకూడదు. దిగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచే కాలు ఆడిస్తూ, వేగాన్ని పెరగనివ్వకుండా పట్టుకోవాలి.

ఆ హద్దు దాటిన డౌన్‌లకు కావాల్సింది చేయి ఆనించి చేసే స్లైడ్. దీన్ని కోల్‌మన్ స్లైడ్ అంటారు, అమెరికాలోని బర్క్‌లీ కొండల్లో బోర్డు మీద దిగిన క్లిఫ్ కోల్‌మన్ పేరు మీద. 1970ల మొదట్లో యురేథేన్ చక్రాలు రావడంతో బోర్డుకు రోడ్డు మీద పట్టు పెరిగింది. ఆ పట్టును కావాలని విడగొట్టి, చక్రాలను అడ్డంగా జార్చి, ఆ రాపిడితో వేగం తీయడమే స్లైడ్. కిందికి బాగా కూర్చుని, వెనక మోకాలిని లోపలికి మడిచి, మలుపు లోపలివైపున్న చేతిని గ్లోవ్‌తో రోడ్డుకు ఆనిస్తారు. రెండో చేతిని, భుజాలను, చూపును తిప్పితే బోర్డు అడ్డం తిరుగుతుంది. జారినంతసేపు వేగం పోతుంది. మళ్లీ చూపు కిందివైపు తిప్పితే బోర్డు నేరుగా వస్తుంది. చేయి ఊతానికి మాత్రమే, బరువు బోర్డు మీదే ఉండాలి. బరువంతా చేతి మీద వాలిపోతే బోర్డు కాళ్ల కింద నుంచి జారిపోతుంది.

దీని గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. ఎక్కువ వేగం మీద ఉన్నా ఆపగలదు. పడినా ఎత్తు నుంచి పడం, అప్పటికే నేలకు దగ్గరగా ఉంటాం, గ్లోవ్‌ల మీద, మోకాలి ప్యాడ్‌ల మీద జారి ఆగిపోతాం. నన్నడిగితే వేగంగా దిగాలనుకునే ప్రతి ఒక్కరికీ ఇది తప్పనిసరి. ఇది రాకుండా ఘాట్ రోడ్డు వైపు చూడనే వద్దు.

మరి ముందే ఎందుకు నేర్చుకోకూడదు? ఎందుకంటే ఇది అడిగేవి మన రోడ్లు ఇవ్వవు. మొదటిది శుభ్రత. తడి ఆరని రోడ్డు, కంకర, పక్కన ఇల్లు కడుతున్న చోటు నుంచి కొట్టుకొచ్చిన ఇసుక, వీటి మీద చక్రం ఒకచోట సులువుగా జారి, ఆ వెంటనే శుభ్రమైన తారు తగలగానే పట్టేసుకుంటుంది. ఆ పట్టుకే మనిషి బోర్డు మీది నుంచి కిందివైపు ఎగిరిపడతాడు. చాలా దెబ్బలు ఇలాగే తగులుతాయి. రెండోది వెడల్పు. ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాళ్లు హీల్‌సైడ్ స్లైడ్ (మడమల వైపు వాలి చేసేది) చేయాలంటే ముందు కాస్త కుడివైపు పోయి, అక్కడి నుంచి ఎడమకు తిప్పాలి. మనం ఎడమ పక్కన నడిచే దేశంలో ఉన్నాం. కుడివైపు పోవడమంటే ఎదురొచ్చే బండ్ల వైపు పోవడమే. రోడ్డు మొత్తం మనకు దొరికితే తప్ప ఇది చేయకూడదు. మూడోది వేగం. మరీ నెమ్మదిగా పోతూ ప్రయత్నిస్తే చక్రాలు జారవు, బోర్డు టక్కున ఆగి మనిషిని విసిరేస్తుంది. గంటకు 25 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటేనే మొదటి స్లైడ్‌లు తేలిగ్గా వస్తాయి. అంటే స్లైడ్ నేర్చుకోవాలంటేనే, అది కుదరనప్పుడు ఆగడానికి ఇంకో దారి మీకు వచ్చి ఉండాలి. ఆ దారి ఫుట్‌బ్రేకే.

హీల్‌సైడా, టోసైడా (కాలి వేళ్ల వైపు వాలి చేసేది) అన్న ప్రశ్నకు నాకు ఏ అనుమానమూ లేదు. హీల్‌సైడ్‌లో ముఖం డౌన్ వైపు ఉంటుంది, కింద ఏముందో కనిపిస్తూనే ఉంటుంది. టోసైడ్‌లో వీపు డౌన్ వైపు తిరుగుతుంది. రెండు చేతులూ నేలకు ఆనించే వీలుంది కాబట్టి కొందరికి అదే సులువనిపిస్తుంది, నిజమే. కానీ కుక్కలు, పిల్లలు ఎప్పుడు అడ్డం వస్తారో తెలియని చోట చూపు పోగొట్టుకునే పద్ధతితో మొదలుపెట్టకూడదు. మలుపులున్న రోడ్డుకు పోయే నాటికి రెండూ రావాలి.

నిలబడి చేసే స్లైడ్ చూడడానికి ఎంతో బాగుంటుంది, చేసేవాళ్లకు కలిగే ఆనందమూ వేరు. అయితే అందులో ఊతానికి చేయి లేదు. తప్పితే నిలుచున్న ఎత్తు నుంచి పడతారు, అదీ ఎక్కువగా నడుం మీదో మోచేతి మీదో. బాగా చేతనైనవాళ్లు దాంతోనూ బోర్డు ఆపగలరు. నేర్చుకునేవాళ్లు ప్రాణం మీదికి వచ్చినప్పుడు నమ్ముకోవాల్సింది అది కాదు.

సామాను విషయంలో తేడా ఎక్కువగా చక్రాల దగ్గరే. ఫుట్‌బ్రేక్‌తో తిరిగేవాళ్లకు 70 మిల్లీమీటర్ల, 78ఏ మెత్తదనం ఉన్న పెద్ద చక్రాలు హాయి (ఈ అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది). గరుకు సీసీ రోడ్డు కుదుపు తగ్గిస్తాయి, చిన్న రాళ్లను దాటేస్తాయి. అవే చక్రాలు, అందులోనూ అంచు పదునుగా ఉన్నవి, స్లైడ్‌కు మొండికేస్తాయి. ఎంత తిప్పినా జారవు, మనవాళ్లేమో తమకు చేతకావడం లేదని కుంగిపోతారు. స్లైడ్ నేర్చుకోవడానికి అంచు గుండ్రంగా, 80ఏ నుంచి 83ఏ దాకా ఉన్న చక్రాలు వేరే సెట్టు పెట్టుకోండి. సీసీ రోడ్డు మీద మాత్రం స్లైడ్ చేయకండి. ఆ గరుకుకు చక్రాలు తొందరగా అరుగుతాయి. బోర్డు సరిగ్గా అడ్డంగా ఉండి చక్రం తిరగకుండా జారితే ఒకే చోట అరిగి చదునుదేలుతుంది, ఇక ఆ తర్వాత దడదడలాడుతూనే ఉంటుంది. పార్కుల్లో విన్యాసాలకు వాడే మామూలు స్కేట్‌బోర్డు, 52 మిల్లీమీటర్ల గట్టి చక్రాలతో, డౌన్‌కు అసలు పనికిరాదు. బఠాణీ గింజంత రాయి చాలు దాన్ని ఆపేయడానికి. డెక్, అంటే నిలబడే పలక, కిందికి దిగి ఉండే డ్రాప్‌త్రూ బోర్డు కొత్తవాళ్లకు రెండు పద్ధతుల్లోనూ మేలు. కాలు నేలకు తొందరగా అందుతుంది, ఊగడమూ తక్కువ.

చేతుల దగ్గర రెండింటికీ రెండు రకాల రక్ష కావాలి. ఫుట్‌బ్రేక్ నేర్చుకునే రోజుల్లో మణికట్టు గార్డులు. స్లైడ్‌కు మాత్రం అరచేతిలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉన్న గ్లోవ్‌లే. కొనుక్కోలేకపోతే రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో తోలు గ్లోవ్‌లు తీసుకుని, కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలక ముక్కలు గుండ్రంగా కోసి వెల్క్రోతో అతికించుకోవచ్చు. అంచులు బాగా గుండ్రంగా రుద్దాలి, లేకపోతే రోడ్డు పగుళ్లలో ఇరుక్కుంటాయి. హెల్మెట్ దగ్గర బేరం వద్దు. ఈఎన్ 1078 లేదా ఏఎస్‌టీఎమ్ ఎఫ్1492 భద్రతా ప్రమాణం ముద్ర ఉన్నది తీసుకోండి. నిజమైన డౌన్‌కు వెళ్లే నాటికి గడ్డం కూడా కప్పే ఫుల్‌ఫేస్ ఉండాలి.

ఇక చోటు. జూబ్లీహిల్స్ సందులు ఊరిస్తాయి. రెండు పక్కలా గేట్లు, మలుపు అవతల ఏముందో కనిపించదు, మధ్యలో స్పీడ్ బ్రేకర్. ఫుట్‌బ్రేక్ ఎంత బాగా వచ్చినా అక్కడ సాధన చేయమని నేను చెప్పను. అపార్టుమెంట్ సెల్లార్ ర్యాంపులు అంతకన్నా చెడ్డవి, నిట్టనిలువుగా ఉంటాయి, చివర గోడ ఉంటుంది. మనకు దొరికే మంచి చోట్లు ఊరి బయట ఉన్నాయి. శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు వెంచర్లలో తారు రోడ్లు వేసి, ఇళ్లు ఇంకా రాని లేఅవుట్లు చాలా ఉన్నాయి. ఆఫీసులోనో, గేటు దగ్గర వాచ్‌మన్ తాతనో అడిగి, ఒప్పుకుంటేనే వెళ్లండి. పొడవు మరీ ఎక్కువ లేకుండా, కింద డౌన్ అయిపోయి చదునుగానో కాస్త ఎత్తుగానో సాగే రోడ్డు చూసుకోండి. ఏదీ కుదరకపోయినా అక్కడ బోర్డు దానంతటదే నెమ్మదిస్తుంది. ఒక చీపురు వెంట పట్టుకెళ్లి, స్లైడ్ చేసే చోట ఇసుక ఊడ్చండి. ఒకరు కింద మలుపు దగ్గర నిలబడి, బండి వస్తే చేయెత్తి చూపాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఘాట్ అందంగా ఉంటుంది, కానీ అక్కడ బస్సులు, కార్లు తిరుగుతుంటాయి. నేర్చుకునేవాళ్ల చోటు కాదది.

వర్షం పడ్డ రోజు రెండు పద్ధతులూ పనిచేయవు. బూటూ జారుతుంది, చక్రాలూ జారుతాయి. బోర్డు ఇంట్లోనే ఉంచండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దునపూట, మంచు తడి ఆరాక, అన్నిటికన్నా మంచి సమయం.

స్లైడ్‌కు సిద్ధమని అనిపించినా నేరుగా డౌన్‌కు పోకండి. చదును మీద తోసుకుంటూ వచ్చి, కూర్చుని, చేయి నేలకు ఆనించి, జారకుండానే ఒక వంపు తిరగండి. భుజాలు తిప్పడం, చూపు తిప్పడం అక్కడే ఒంటపడతాయి. అది కుదిరాక మెల్లటి డౌన్‌లో బోర్డును సగమే అడ్డం తిప్పి నేరుగా తెచ్చుకోండి. పూర్తిగా ఆగే స్లైడ్ ఆ తర్వాత. ప్రతి దిగుడులోనూ ముందు స్లైడ్, చివర ఫుట్‌బ్రేక్, రెండూ చేయండి. స్లైడ్‌తో చాలా వేగం పోయాక మిగిలేది కాలితో ఆపాల్సిందే. ఘాట్ దిగే ఉద్దేశం లేకుండా ట్యాంక్‌బండ్ మీద, కాలనీలో తిరగడానికే బోర్డు కొన్నవాళ్లు స్లైడ్ రాలేదని టెన్షన్ పడక్కర్లేదు. టైరు అడుగు కుట్టించిన బూటు జత, బలమైన ముందు కాలు ఉంటే వాళ్లకు సరిపోతుంది.