ఇనుప అచ్చా, టైటానియం తీగా: సన్నని రేణువుకు ఏది మేలు?

బొబ్బిలిలో మా బావకు చిన్న పోత షెడ్డు ఉంది. వెళ్లినప్పుడల్లా విరిగిన అల్యూమినియం పుల్లీ ముక్క ఒకటి నా చేతిలో పెడతాడు. విరుపు దగ్గర రాళ్ల ఉప్పులా పెద్ద పెద్ద పలుకులు మెరుస్తుంటాయి. బాగా కుదిరిన పోతలో విరుపు బొంబాయి రవ్వలా ఉంటుంది. లోహం ఒకటే, కొలిమీ ఒకటే.

నెయ్యి కాచేవారికి ఈ సంగతి తెలుసు. కదపకుండా నెమ్మదిగా పేరనిస్తే పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే నున్నగా గడ్డకడుతుంది. నేతికి పూస అందం, పోతకు కాదు. లోహం చల్లబడేటప్పుడు అక్కడక్కడ స్ఫటికాల మొలకలు పుట్టి, చెట్టుకొమ్మల్లా చాచుకుంటూ, పక్కదానికి తగిలేదాకా పెరుగుతాయి. అలా పెరిగిన ఒక్కో స్ఫటికమే విరుపులో కనిపించే ఒక పలుకు, అంటే రేణువు. మొలకలు ఎన్ని ఎక్కువైతే రేణువులు అంత సన్నం. సన్న రేణువుతో బలం పెరుగుతుందని 1950ల్లో హాల్, పెచ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అయితే పోత అల్యూమినియంలో బలం కంటే పెద్ద లాభం, గడ్డకట్టేటప్పుడు వచ్చే వేడి పగుళ్లు తగ్గడం.

మొలకలు పెంచడానికి దారులు రెండు: ఇనుప అచ్చులో పోయడం, లేదా కరిగిన లోహంలో టైటానియం కలిసిన తీగ వేయడం. ఇనుప అచ్చు వేడిని ఇసుక అచ్చు కంటే చాలా వేగంగా లాగేస్తుంది. పలుచని ముక్కకు దీన్ని మించింది లేదు. రేణువులతో పాటు వాటిలోని కొమ్మల మధ్య సందులూ ఇరుకవుతాయి, ఇది తీగ వల్ల కాదు. మందపాటి పుల్లీలో మాత్రం గోడ దగ్గరే సన్నబడుతుంది. అక్కడి నుంచి పొడుగాటి రేణువులు లోపలికి సాగి నడుమ ఎదురుబొదురుగా కలుస్తాయి, పగులుకు దారి అదే. పైగా అచ్చు చేయించాలంటే ఒకే రకం ముక్కలు వందల్లో కావాలి. బావకు వచ్చేవి ఇదొక పది, అదొక ఇరవై.

తీగ అంటే నూటికి అయిదు పాళ్లు టైటానియం, ఒక పాలు బోరాన్ కలిపిన అల్యూమినియం. అందులోని టైటానియం బోరైడ్ నలుసులే విత్తనాలు. వంద కిలోల కరుగుకు నూరు, రెండు వందల గ్రాములు చాలు, ఇసుక అచ్చులో మందపాటి ముక్కయినా నడుమ దాకా సన్నబడుతుంది. సిలికాన్ బాగా ఎక్కువున్న మిశ్రమంలో దీని పదును తగ్గుతుంది, అక్కడ బోరాన్ పాలు పెంచిన తీగ నయం. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి పనికి ఇది అక్కరకు రాదు. ఇత్తడిని సన్నబరచడానికి వాడే జిర్కోనియం అల్యూమినియంలో పడిందా, ఈ తీగ పనినే చెడగొడుతుంది!

పోసేటప్పుడు అచ్చును కదిపే పద్ధతీ ఉంది. మా షెడ్డులాంటి చోట నేను వద్దంటాను, పైన తేలే తెట్టె లోపలికి పోతుంది.

నా ఓటు తీగకే. కానీ ముందు మంట తగ్గించాలి. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, బావ ఒక్కోసారి 800 దాటించేవాడు. అంత వేడి లోహం పోస్తే పుట్టిన మొలకలు మళ్లీ కరిగిపోతాయి. తీగ తెచ్చిన మొదటి రోజు ఇంకో పొరపాటు చేశాడు. మూసలో తీగ వేసి టీకి వెళ్లాడు. బోరైడ్ నలుసులు కరిగిన అల్యూమినియం కంటే బరువు, వచ్చేసరికి అడుగుకు దిగిపోయాయి. ఆ రోజు పుల్లీలన్నీ రాళ్ల ఉప్పే. ఇప్పుడు తీగ వేశాక అక్కడే నిలబడి, కలిపి, తెట్టె తీసి, పోసేస్తాడు. టీ తర్వాతే.