కార్బ్యురేటర్ మర పాడైతే: పెద్ద స్క్రూనా, హెలికాయిలా?

కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెను బిగించే 4 మి.మీ. స్క్రూ మర అరిగిందా? చిత్తూరులో చాలామంది మెకానిక్కులు "5 మి.మీ. మర వేసేద్దాం సార్" అంటారు. చవక, పని త్వరగా అవుతుంది. కానీ గిన్నె చెవికి (స్క్రూ దూరే అంచుకు) ఉన్న రంధ్రాన్నీ పెద్దది చేయాలి; అక్కడ లోహం పలచన, పగలవచ్చు.

హెలికాయిల్ అంటే పాడైన మర స్థానంలో దించే స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట. 5 మి.మీ. మరకు లాగే దానికీ బాడీలో దాదాపు 4.2 మి.మీ. రంధ్రమే తొలచాలి, అంటే ఆ విషయంలో రెండూ సమానమే. అసలు లాభం వేరు: పాత స్క్రూనే పడుతుంది, మెత్తని మిశ్రలోహానికి బదులు ఉక్కు మర బిగువును తట్టుకుంటుంది. ప్రత్యేక ట్యాప్ (మర కోసే పనిముట్టు) తప్పనిసరి. చుట్ట దిగాక దాని తోకను విరిచి బయటికి తీయాలి. తొలిచిన రజను జెట్లలో (పెట్రోలు వెళ్ళే సన్నని రంధ్రాల్లో) చేరకూడదు.

తిరుమల ఘాట్ రోడ్డు తరచూ ఎక్కే బండికి నేను హెలికాయిలే వేయిస్తాను. వేడెక్కిన ఇంజను మీద పెట్రోలు కారడం ప్రాణాంతకం.