కొండ మీద పునర్నిర్మాణమా, కింద నమూనానా?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని తొట్లకొండ మీద 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిపి, రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామాన్ని వెలికితీశారు. అక్కడి మహాస్తూపాన్ని తర్వాత తిరిగి కట్టారు. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత భాగం కూలింది. పురాతన నిర్మాణాలకు, వస్తువులకు ప్రతిరూపాలు చేయాలా, చేస్తే ఎక్కడ, ఎలా చేయడం మేలు అని తర్కించడానికి విశాఖవాసులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ఉన్నచోటే తిరిగి కడితే స్తూపం ఎంతటిదో, సముద్రం కనిపించే ఆ కొండను భిక్షువులు ఎందుకు ఎంచుకున్నారో చూపరులకు ఇట్టే బోధపడుతుంది. పునాది వరసను చూసి స్తూపాన్ని ఊహించుకోవడం బడిపిల్లలకే కాదు, పెద్దలకూ కష్టమే. అయితే పాత వరసపై కొత్తది పేర్చాక ఏ రాయి ఆనాటిదో, ఏది నిన్నటిదో మామూలు కంటికి ఆనదు. రేపు మరో ఆధారం దొరికి అసలు ఆకారం వేరని తేలితే, సరిదిద్దబోయి పాతదాన్ని కూడా కదిలించవలసి వస్తుంది. పురాతన కట్టడాల పరిరక్షణకు సూత్రాలు చెప్పిన 1964 నాటి అంతర్జాతీయ వెనిస్ ఒడంబడిక తవ్వకాల స్థలాల్లో పునర్నిర్మాణాన్ని తోసిపుచ్చి, విడిపోయిన అసలు భాగాలను తిరిగి కూర్చడానికి మాత్రమే ఒప్పుకుంది.

వేరేచోట పెట్టే నమూనాకు ఈ చిక్కు లేదు. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ చిత్రాలు సందర్శకుల తాకిడికి పాడవుతుంటే 1963లో గుహను మూసేసి, 1983లో సమీపంలోనే నకలు గుహను తెరిచారు. రోములో చక్రవర్తి ట్రాజన్ పేరిట శిల్పాలతో నిలిచిన స్తంభానికి 1860లలో తీసిన ప్లాస్టర్ అచ్చులు లండన్‌లో ఉన్నాయి. కాలుష్యానికి స్తంభంపై చెరిగిపోయిన శిల్ప వివరాలు కొన్ని వాటిలో నిలిచాయి. అసలు కన్నా నకలే మంచి సాక్ష్యమైన సందర్భమిది.

నమూనాల్లోనూ తేడా ఉంది. త్రీడీ స్కాన్ పైపొరను వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకుంటుంది కాని, ఉలి ఎటు నుంచి పడిందో, రాయి ఎక్కడ మొరాయించిందో చెక్కేవాడికే తెలుస్తుంది. అందుకే ధాతుకరండం (పవిత్ర అవశేషాలను దాచే భరిణె) వంటి చిన్న వస్తువుల నమూనాలను శిల్పులచేత రాతిలోనే చేయించి, చూపులేనివారు సైతం తడిమి తెలుసుకునేలా ఉంచాలంటాను. స్తూపానికైతే కొండ కింద చిన్న నమూనా చాలు. ఎంత బాగా కుదిరినా, చేసిన సంవత్సరాన్ని మాత్రం దాని మీదే చెక్కించాలి.