నడుస్తున్న ఉప్పునీటి ట్యాంకులోకి డ్రై రాక్: నేరుగా వేయడమా, తొట్టిలో క్యూరింగ్ చేయడమా, ఏది మేలు?

కొత్తగా ట్యాంకు పెట్టేవారికి డ్రై రాక్‌తో, అంటే రంధ్రాలున్న, ప్రాణం లేని ఎండు రాయితో, పెద్ద చిక్కేమీ ఉండదు. రాయి, ఇసుక, ఉప్పునీరు నింపి, చేపలు వేయకుండా నెలా రెండు నెలలు ఆగితే, ఆ రాయి ఏం వదిలినా నష్టపోయే ప్రాణి అందులో ఉండదు. చిక్కంతా ఏళ్ల తరబడి నడుస్తున్న ట్యాంకుకు రాయి చేర్చవలసి వచ్చినప్పుడే మొదలవుతుంది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో ఉన్న నాలుగడుగుల ట్యాంకులో సుమారు 270 లీటర్ల నీరు పడుతుంది. దానికి నేను రెండుసార్లు రాయి చేర్చాను. మొదటిసారి కుళాయి కింద కడిగి నేరుగా వేశాను, రెండోసారి బాల్కనీలో తొట్టి పెట్టి క్యూరింగ్ చేశాక వేశాను. ఇంటి స్లాబుకు నీళ్లు పట్టడాన్ని మనం క్యూరింగ్ అనే అంటాం కాబట్టి, ఆ మాట ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. రాయి విషయంలో దాని అర్థం, లోపలి చచ్చిన పదార్థం కుళ్లిపోయి, బాక్టీరియా కట్టుకునేదాకా రాయిని విడిగా ఉప్పునీటిలో ఉంచడం.

రాయి చేర్చాలనగానే చాలామందికి ముందుగా లైవ్ రాక్, అంటే సముద్రం నుంచి జీవులతో సహా తీసిన పగడపు రాయి, గుర్తుకు వస్తుంది. మన దేశంలో ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. గట్టి పగడాలు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చచ్చిన పగడపు ముక్కలకు కూడా ఆ రక్షణ వర్తిస్తుంది. కనుక మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిన ఎండు పగడాన్నే డ్రై రాక్ పేరుతో ఎవరైనా అమ్మజూపితే, ధర ఎంత తక్కువైనా తీసుకోకూడదు. పైగా లైవ్ రాక్ వెంట ఐప్టేసియా వంటి కుట్టే జీవులూ, రాతి సందుల్లో దాగే మాంటిస్ రొయ్యలూ రావచ్చు. డ్రై రాక్‌లో ప్రాణమే లేదు కాబట్టి ఆ బెడద ఉండదు. అందులో లేని జీవవైవిధ్యాన్ని నడుస్తున్న ట్యాంకు కొన్ని నెలల్లో తానే కొంతవరకు సమకూర్చుతుంది.

సముద్రం ఒడ్డున ఉంటూ రాయి కొనడమేమిటని నన్ను అడిగినవారు చాలామందే ఉన్నారు. యారాడ దగ్గరో తెన్నేటి పార్కు కిందో కనిపించే రాళ్లు తూర్పు కనుమల ఖోండలైటు జాతివి. వాటిలో గార్నెట్, క్వార్ట్జ్ వంటి ఖనిజాలుంటాయి తప్ప కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపు పదార్థం, ప్రధానంగా ఉండదు, బాక్టీరియా నిలవడానికి కావలసిన లోతైన సన్నని రంధ్రాలూ ఉండవు. అనుమానం ఉన్నవారు రాతి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడవచ్చు. సున్నపు జాతి రాయి అయితే బుడగలు వస్తాయి, ఖోండలైటు అయితే ఉలుకూ పలుకూ ఉండదు. బొర్రా గుహల వైపు రాయి సున్నపురాయే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. సున్నపురాయే, కానీ గట్టిగా దట్టంగా ఉండే రకం. గుహల దగ్గర రాళ్లు ఏరుకోవడం తగని పని అన్న సంగతి సరేసరి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. నేరుగా వేయాలనేవారి వాదన ఏమిటంటే, పాత ట్యాంకులో బాక్టీరియా దండిగా ఉంటుంది కాబట్టి కొత్త రాయి ఏ కొంచెం అమ్మోనియా వదిలినా అది చూసుకుంటుంది. వినడానికి బాగానే ఉన్న ఈ మాటలో ఒక లోపం ఉంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా, రోజూ దొరికే ఆహారానికి తగినంతే పెరుగుతుంది, అంతకు మించి నిల్వ ఉండదు. నాలుగు చేపల వ్యర్థానికి సరిపడేటంత పెరిగిన బాక్టీరియాకు ఒక్కసారిగా పది చేపల వ్యర్థం వచ్చి పడితే, అది సంఖ్యలో పెరిగి అందుకునేందుకు రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ చేపలు విషంలోనే ఊపిరి తీయాలి. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది కాబట్టి ఇది మంచినీటి ట్యాంకులో కన్నా ప్రమాదకరం. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అమ్మోనియాలో విషరూపంలో ఉండే వాటా దాదాపు పదింతలవుతుంది, నీరు వేడెక్కినా ఆ వాటా పెరుగుతుంది. విశాఖ ఎండాకాలంలో నీటిని చల్లగా ఉంచడమే ఒక పోరాటమని వేరే చెప్పనక్కరలేదు.

మొదటిసారి నాకు జరిగింది అచ్చంగా ఇదే. ఒకరి పాత ట్యాంకు తీసేశాక ఎండబెట్టి ఉంచిన రాయిని ఎనిమిది కిలోలు తెచ్చి, కుళాయి నీటితో కడిగి, ఆదివారం ఉదయం వేశాను. మూడో రోజుకు అమ్మోనియా పరీక్ష గొట్టంలో పసుపుగా ఉండవలసిన నీరు లేత ఆకుపచ్చకు తిరిగింది, క్లౌన్ చేపలు రెండూ పంపు దగ్గర నీటి పైభాగానికి చేరి గబగబా మొప్పలు ఆడించసాగాయి. వారం పాటు రోజు విడిచి రోజు నీరు మార్చి వాటిని కాపాడుకున్నాను. ఆ తర్వాత రాయి మీద గోధుమరంగు పొర, దాని వెనుకే జుట్టులాంటి పచ్చని నాచు వచ్చి నాలుగు నెలలు వదలలేదు. అమ్మోనియా వారంలో తగ్గింది కానీ నాచు ఎందుకు తగ్గలేదంటే, కాల్షియం కార్బొనేట్ నాచుకు ఎరువైన ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుని నీటిలోకి కొద్దికొద్దిగా వదులుతుంది. పాత ట్యాంకులో ఏళ్ల తరబడి పీల్చుకున్న ఫాస్ఫేట్‌ను ఆ రాయి నా ట్యాంకులో వాయిదాల మీద చెల్లించింది.

కాబట్టి ఏది మేలన్నది ప్రధానంగా ఆ రాయి పుట్టుకను బట్టి తేల్చాలి. కొలిమిలో కాల్చి గానీ ఖనిజపు పొడిని అచ్చుపోసి గానీ చేసిన కృత్రిమ రాయిలో కుళ్లడానికి ఏమీ ఉండదు. దానిని బాగా కడిగి, వారానికి ఒకటి రెండు ముక్కల చొప్పున నేరుగా వేయవచ్చు. అయితే సిమెంటు కలిపి ఇంట్లో చేసినదైతే పీహెచ్ దిగేవరకు వారాల తరబడి నీటిలో నానాలి. భూమిలో తవ్వితీసిన ప్రాచీన పగడపు రాయి మధ్యరకం. ఒకప్పుడు ప్రాణంతో ఉండి ఎండిపోయిన రాయి అన్నిటిలోకీ చెడ్డది, ఎందుకంటే దాని రంధ్రాల లోపల చచ్చిన స్పాంజీలూ పురుగులూ అలాగే ఎండి ఉంటాయి, తడి తగలగానే కుళ్లడం మొదలుపెడతాయి. మీ రాయి ఏ రకమో తెలియకపోతే, ఒక ముక్కను ఉప్పునీటి బకెట్‌లో వేసి మూతపెట్టి, మూడు రోజుల తర్వాత మూత తీసి వాసన చూసి, అమ్మోనియా, ఫాస్ఫేట్ రెండూ పరీక్షించండి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక బకెట్ ఉప్పునీరే.

తొట్టి దారిలో ఉన్న కష్టాలను దాచిపెట్టను. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, చోటు కావాలి, పంపు రాత్రింబవళ్లు తిరగాలి, మొదటి పది రోజులు వాసన వస్తుంది. మా పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూసి, "ఏం బాబూ, ఎండుచేపలు నానబెట్టావా?" అని అడిగారు. ఖర్చు మాత్రం అనుకున్నంత కాదు. 60 లీటర్ల తొట్టికి లీటరుకు 35 గ్రాముల చొప్పున రెండు కిలోల పైచిలుకు మెరైన్ సాల్ట్ కావాలి, అయితే వారం వారం ట్యాంకు నుంచి తీసి పారబోసే నీటినే తొట్టిలో నింపుకుంటే ఆ ఉప్పు కూడా కొననక్కరలేదు. అందులో నైట్రేట్ ఉన్నా రాయికి హాని లేదు, చివరి రెండు వారాలు మాత్రం కొత్త నీరు వాడి ఫాస్ఫేట్ పరీక్షించాలి. ట్యాంకులోని ఒక చిన్న పాత రాతిముక్కను తొట్టిలో వేస్తే బాక్టీరియా త్వరగా అంటుకుంటుంది. నాచు పట్టకుండా తొట్టిని కప్పి, నీడలో ఉంచి, ఆవిరైనంత మేరకు ఆర్.ఓ. నీరు పోస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, వారం పాటు అక్కడే నిలిచాకనే రాయిని నమ్మాలి.

కాలం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మనకు గుర్తే. పంపు ఆగిపోతే తొట్టిలో ఆక్సిజన్ అడుగంటి, కట్టుకుంటూ వచ్చిన బాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే నేను రాయి క్యూరింగ్‌ను తుఫానుల నెలలైన అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెట్టను. సముద్రపు నీరు తెచ్చుకునేవారికీ ఆ నెలలు అనుకూలం కావు, ఎందుకంటే అప్పుడు తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహం ఉత్తరాది నదుల మంచినీటిని మోసుకొస్తుంది కాబట్టి మన ఒడ్డున ఉప్పదనం పడిపోతుంది.

యాసిడ్‌తోనో బ్లీచ్‌తోనో పని త్వరగా ముగించవచ్చా అని అడిగేవారున్నారు. బ్లీచ్ రాయిలోని చచ్చిన పదార్థాన్ని కరిగిస్తుంది. పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ పై పొరను, దానితో పాటు ఆ పొర పట్టుకున్న ఫాస్ఫేట్‌ను తొలగిస్తుంది. యాసిడ్‌నే నీటిలో పోయాలి తప్ప నీటిని యాసిడ్‌లో పోయకూడదు, బ్లీచ్‌నూ యాసిడ్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది కనుక బ్లీచ్ పూర్తిగా పోయేదాకా యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. చిన్నపిల్లలున్న ఫ్లాట్‌లో నేను ఈ పనికి ఒప్పుకోను.

చోటు లేనివారికి సంప్, అంటే ట్యాంకు నీరే తిరిగేలా దాని కింద అమర్చే రెండో తొట్టి, మధ్యేమార్గం. చీకటిగా ఉండే సంప్‌లో వారానికి ఒక ముక్క వేస్తే నాచు పట్టదు, ఏదైనా తేడా వస్తే చేపల జోలికి పోకుండా ఆ ముక్కను తీసేయవచ్చు. కృత్రిమ రాయికి ఇది చాలు. పాత ట్యాంకు రాయికి మాత్రం తొట్టి తప్పదన్నదే నా నిర్ణయం.

ఏ దారిన వచ్చిన రాయినైనా లోపల పెట్టేటప్పుడు రెండు పనులు మరవకూడదు. పది కిలోల రాయి కనీసం మూడున్నర లీటర్ల పైన నీటిని పక్కకు తోస్తుంది కాబట్టి, ముందుగానే నాలుగైదు లీటర్లు తోడి పక్కన పెట్టుకుంటే గదిలో నేల తడవదు. రెండోది, ఏళ్లుగా కదలని ఇసుకను తవ్వి రాయి దింపితే, అడుగున నల్లగా పేరుకున్న మడ్డీ, కుళ్లిన గుడ్డు వాసనున్న హైడ్రోజన్ సల్ఫైడూ ఒక్కసారిగా పైకి లేస్తాయి. అలాగని ఇసుక పైన తేలికగా ఆనించి వదిలితే, ఇసుక తవ్వే గోబీ చేపలు దాని కింద సొరంగం తవ్వుకుని రాయిని కూల్చుకుంటాయి. నేను రెండోసారి వేసిన ముక్కలను పాత రాళ్ల మీదనే, మూడు చోట్ల ఆనేలా పేర్చి, చేత్తో ఊపి చూసి వదిలాను. ఆరో నెలకు వాటి అంచున ఊదారంగు కోరలైన్ (రాతికి పొరలా అంటుకుని పెరిగే గట్టి నాచు) చుక్కలు కనిపించాయి.