సొంత బోరా, ఊరి చెరువా, పంచుకునే నీళ్లా: మా మెట్టకి ఏది మేలు?

పోయిన వేసవిలో మా చిన్నాయన ఇంకో బోరు వేయిస్తానని రిగ్గు వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. మాది పశ్చిమ ప్రకాశంలో, కనిగిరికీ పొదిలికీ మధ్యన ఉండే మెట్ట ఊరు. ఆయనకి అప్పటికే రెండు బోర్లున్నాయి, ఒకటి ఎండిపోయింది, రెండోది ఏప్రిల్ వచ్చేసరికి గాలీ నీళ్లూ కలిపి కక్కుతుంది. పక్క చేను వాళ్లు ఆరొందల యాభై అడుగులు దింపారు కాబట్టి మనం ఎనిమిదొందలు దింపితే నీళ్లు మనవే అని ఆయన లెక్క. ఊళ్లో ఇంకొందరు చెరువు పూడిక తీయిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి అంటారు. నాలాంటి కొద్దిమందిమి ఉన్న బోర్ల నీళ్లే కలిసి పంచుకుందామని అంటున్నాం.

నాకు తేలింది ముందే చెప్పేస్తాను. మా నేలకి మూడోదే మేలు, చెరువు దానికి తోడు, కొత్త బోరు మాత్రం వద్దు.

మా కాళ్ల కింద ఉన్నది రాయి. పైన కాస్త మట్టి, దాని కింద మెత్తబడి పొడిబారిన రాతి పొర, ఆ కింద గట్టి రాయి. వాన నీళ్లు ఇంకి నిలవుండేది ఎక్కువగా ఆ మెత్తటి పొరలోనే, గట్టి రాయిలో అయితే అక్కడక్కడా ఉండే పగుళ్లలో. లోతుకి పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గిపోతాయి. ఎనిమిదొందల అడుగుల దగ్గర పగులు తగిలి నీళ్లు ఎగదన్నాయంటే అదేదో కొత్త జల దొరికిందనుకుంటాం గానీ, చాలాసార్లు ఆ పగులు పైపొర నీళ్లనే కిందికి లాక్కొస్తుంది, అది పక్కవాళ్ల చేని కింద నీళ్లయినా సరే. "ఏరా అబ్బయ్యా, మనం వేస్తే వాళ్ల బోరు ఎండుద్దా?" అని చిన్నాయన అడిగాడు. ఎండుద్ది చిన్నాయనా, వాళ్లు ఆరొందల యాభై వేసినప్పుడు మనది ఎండింది అందుకే కదా అన్నాను. ఆయన ఏం మాట్లాడలేదు.

సొంత బోరులో మంచి లేదని నేననను. నీ మోటారు, నీ స్టార్టరు, కరెంటు ఉన్నప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటావు, ఎవరినీ అడగక్కర్లేదు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి బిల్లు బాధ కూడా లేదు. నీళ్లు పడిన మొదటి రెండేళ్లు ఇంట్లో ఆ వెలుగే వేరు, అది మా ఇంట్లోనూ చూశాను. కానీ పడకపోతే? మా నాన్న వేయించిన మూడింట్లో ఒకదాంట్లో తెల్ల దుమ్ము తప్ప ఏం రాలేదు. కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చెప్పినాయన తన డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు, రిగ్గు వాళ్లు అడుగుల లెక్కన తీసుకుని వెళ్లిపోయారు, ఆ అప్పు మాత్రం మా అక్క పెళ్లి అప్పుతో కలిసి ఏడేళ్లు మా ఇంట్లోనే ఉంది. బోరు పడితే లాభం ఒకడిది, నష్టం చుట్టూ ఉన్న పదిమందిది, పడకపోతే నష్టం మొత్తం ఒక్క ఇంటిది. అదీగాక కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ బాధ కొత్తగా చెప్పేదేం కాదు, గారపళ్లూ వంగిపోయిన కాళ్లూ మా చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎక్కువ దిగుతుంది. లోతుకి పోవడమంటే మా వైపు ఆ నీళ్లకి దగ్గరవ్వడం కూడా.

చెరువు సంగతికొస్తే, అదంటే నాకు ప్రాణం. మా జిల్లాలోనే కంభం చెరువు ఉంది, విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి కట్టారు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోకి కూడా ఎక్కింది. కొండల మధ్య సందు చూసి కట్ట వేసిన వాళ్ల చూపు ఎంతటిదో అక్కడికి పోయి నిలబడితే తెలుస్తుంది. మా ఊరి చెరువు చిన్నదే, అయినా నిండిన ఏడాది కట్ట కింది బావుల్లో నీళ్లు చేతికందుతాయి, గొర్రెలకీ గొడ్లకీ దిగులుండదు, చేపల పాట డబ్బులు ఊరికొస్తాయి, పూడిక మట్టి తోలిన చేలో రెండు మూడేళ్లు పైరు నల్లగా నిగనిగలాడుతుంది.

అయినా చెరువొక్కటే చాలదనడానికి నా కారణాలు నాకున్నాయి. పూడిక తీయడం తేలికపని, ఉపాధి హామీలో పెట్టించవచ్చు, జేసీబీ పెట్టించవచ్చు. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగుకాలువ మాటేమిటి? మా దానికి రెండు చోట్ల గట్టు జరిపి చేలల్లో కలిపేసుకున్నారు, ఇంకోచోట జామాయిల్ వేశారు. ఎగువన చెక్‌డ్యాములు కట్టుకున్నారు, వాళ్ల అవసరం వాళ్లది, తప్పనలేం, కానీ చిన్న వానలకి మా చెరువులోకి చుక్క రాదు. అక్టోబరు, నవంబరులో తుఫాను పడితేనే నిండుతుంది. అలా నిండిన ఏడాది కూడా ఏమవుతుందో చూడండి. ఆయకట్టులో బోర్లున్నవాళ్లు నీళ్లు పైకొచ్చాయి కదా అని రబీలో వరి నాటుతారు, మార్చికల్లా మళ్లీ మొదటికే. చెరువు నీళ్లు తెస్తుంది గానీ వాటిని ఎవరెంత వాడాలో చెప్పదు. పైగా ఊరికి ఎగువన మెట్ట చేలున్నవాళ్లకి, అంటే ఊళ్లో బాగా పేదవాళ్లకి, చెరువు వల్ల నేరుగా వచ్చేది తక్కువ. ఈ మాట చెరువు గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ అనరు.

ఇప్పుడు లెక్క. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు. ఏడాదికి 70 సెంటీమీటర్లు పడిందనుకుందాం, 28 లక్షల లీటర్లు. మాలాంటి రాతి నేలలో అందులో భూమిలోకి ఇంకి మళ్లీ తోడుకోవడానికి దొరికేది నూటికి పది పాళ్లు అనుకోవచ్చు, అంటే ఎకరానికి 2.8 లక్షల లీటర్లు. ఎకరం వరికి కావాల్సింది సుమారు 120 సెంటీమీటర్లు, 48 లక్షల లీటర్లు. కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే, అయినా వానల్లేని రోజుల్లో బోరు కింద ఎకరం వరి పండిస్తున్నామంటే చుట్టూ పది పదిహేను ఎకరాల్లో ఇంకిన నీళ్లు అందులో పోస్తున్నామన్నమాట. వేరుశనగ లాంటి ఆరుతడి పంటకి 50 సెంటీమీటర్లు, 20 లక్షల లీటర్లు, అంటే ఏడెకరాల నీళ్లు. అదే వానాధారంగా వేసిన కందికో సజ్జకో పూత దశలో బెట్ట వస్తే ఒక్క తడి, ఐదు సెంటీమీటర్లు, పెడితే పంట నిలబడుతుంది. దానికి రెండు లక్షల లీటర్లు చాలు. ఆ ఎకరం తనలో ఇంకించుకున్న నీళ్లే ఆ ఎకరాన్ని కాపాడగలవు! ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నేను తప్పు చేశానేమోనని మూడుసార్లు చూసుకున్నాను.

నీళ్లు పంచుకోవడం అంటే ఇదే. ఒక చెలకలో, అంటే పక్కపక్కనే ఉన్న మెట్ట చేలల్లో, ఉన్న బోర్లన్నీ పైపులైనుతో కలపడం, బోరు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అక్కడున్న అందరూ సభ్యులు, కొన్నేళ్ల పాటు ఆ చెలకలో కొత్త బోరు వేయకూడదని రాసుకోవడం, రబీలో బోరు కింద వరి మానేయడం, బెట్టలో అందరి పైరుకీ ముందు ఒక తడి ఇచ్చాకే మిగతాది. రిపేర్ల ఖర్చు ఎకరాల లెక్కన.

ఇది గాల్లోంచి ఊడిపడ్డ ఆలోచన కాదు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అయిన ఎఫ్‌ఏఓ సాయంతో, నెదర్లాండ్స్ నిధులతో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భ జలాలు కొలిపించిన ఏపీఫామ్స్ ప్రాజెక్టు నడిచింది. మా ప్రకాశం ఆ ఏడింట్లో ఒకటి. చదువు రాని రైతులు కూడా వానమాపకం చూసి, బోరులో నీటి మట్టం కొలిచి, రబీకి ముందు ఈ ఏడాది భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎన్నెకరాలు వేయొచ్చు అని గోడల మీద రాసుకుని మాట్లాడుకునేవారు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు, లెక్క కళ్లముందు పెట్టారంతే, చాలామంది పంటలు మార్చుకున్నారు. నీళ్లూ నేలా చెట్లూ కాపాడటానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం కూడా బోరుకి అనుమతి కావాలంటుంది, మంచి చట్టమే, కానీ రాత్రిపూట రిగ్గు దిగితే ఆపడానికి ఆ చట్టం మా పొలం గట్టు మీద ఉండదు. పక్క చేను మనిషి ఉంటాడు.

మేం కూడా కొలిచాం. పెద్ద పరికరాలేం లేవు, 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో స్టాప్‌వాచ్. డిసెంబరు మొదటి వారంలో చిన్నాయన బోరు పైపు డ్రమ్ములో పెడితే 80 సెకన్లకి నిండి పొర్లింది. "చూశావా" అని మీసం దువ్వాడు. ఏప్రిల్‌లో మళ్లీ పెట్టాం. పైపులోంచి మొదట ఫుస్సుమని గాలి, తర్వాత ఒక దూకు నీళ్లు, మళ్లీ గాలి. డ్రమ్ము సగానికి వచ్చేసరికే రెండు నిమిషాలు దాటింది. ఫోను చిన్నాయన చేతిలోనే ఉంది, అంకెలు తిరుగుతుంటే ఆయన డ్రమ్ము వంక చూడటం మానేసి ఫోను వంకే చూస్తున్నాడు. నిండేసరికి నాలుగు నిమిషాలు. అంటే నీళ్లు మూడో వంతుకి పడిపోయాయి. రిగ్గు అడ్వాన్స్ వెనక్కి అడుగుతానని ఆ సాయంత్రం ఆయనే అన్నాడు. సగమే ఇచ్చారు, అయినా ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పంచుకోవడంలో కష్టాలు దాచను. అన్నిటికంటే పెద్దది, లక్షలు పోసి బోరు వేసుకున్నవాడు ఏమీ పెట్టనివాడికి నీళ్లెందుకివ్వాలి అనే ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే, "అందరం ఒకటి" అంటే సరిపోదు. దానికి నా జవాబు ఒకటే: నువ్విచ్చే ఆ ఒక్క తడి, పక్కవాడు నీ పక్కన బోరు వేయకుండా ఉన్నందుకు నువ్వు కట్టే కిరాయి. వాడు బోరు వేస్తే నీకు పోయేది తడి కాదు, బోరే. రెండోది, నమ్మకం. మోటారు ఎవరు వేశారు, ఎన్ని గంటలు ఆడింది, ఎవరి వంతు తప్పింది అన్న దగ్గరే ఎన్నో మంచి పనులు చెడతాయి. అందుకే లెక్కల పుస్తకం మగవాళ్ల చేతిలో పెట్టొద్దని నా అభిప్రాయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాతే కదా మా రెండు జిల్లాల్లో పొదుపు సంఘాలు అంత జోరందుకున్నది. నెలనెలా కూర్చుని, పైసా తేడా రాకుండా లెక్క రాసి, కట్టనివాళ్ల ఇంటికెళ్లి అడిగి వచ్చే అలవాటు ఊళ్లో ఎవరికైనా ఉందంటే వాళ్లకే. మా పిన్ని రాసిన పుస్తకం చూస్తే బ్యాంకు వాళ్లదీ అంత శుభ్రంగా ఉండదు.

ఇదంతా మా మెట్టకే. మా అక్క అత్తగారి ఊరు కోవూరు పక్క, సోమశిల నీళ్లు కాలువల్లో పారే డెల్టా. అక్కడికెళ్లి బోర్లు కలుపుకోండి అంటే నవ్వుతారు, వాళ్లకి కావాల్సింది కాలువ చివరి చేను దాకా నీళ్లు పోయేలా సంఘం గట్టిగా ఉండటం. ఎగువ చేను తడిశాక తూము మూసే మనిషి ఉంటే వాళ్లకి అదే మేలు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయి కదా, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు అని మా ఊళ్లోనూ అంటున్నారు. 1996లో శంకుస్థాపన అయినప్పుడు మా నాన్నకి నా వయసు. రావాలనే కోరుకుంటాను, వచ్చినా ఎత్తు మీది చేలకి అందుతుందో లేదో, అందాకా ఈ రబీ ఆగదు.

మా తూర్పు చెలకలో ఇప్పుడు ఎనిమిది బోర్లు, బోరు లేని పదకొండు కుటుంబాలు. ఆరుగురు బోరు రైతులు సరేనన్నారు, చిన్నాయన ఐదోవాడుగా సంతకం పెట్టాడు. మిగిలిన ఇద్దరిలో ఒకాయనకి బత్తాయి తోట ఉంది, చెట్లకి ఏడాది పొడుగునా నీళ్లు కావాలి, ఆయన భయంలో అర్థముంది, తోటకి ముందు వంతు రాసిద్దామని అనుకుంటున్నాం. ఇంకొకాయన కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాక చెప్తానన్నాడు. పైపుల డబ్బులు ఇంకా సగమే పోగయ్యాయి. వాడకంలో లేని మా పాత బోరు మూత తీసి పెట్టాం, అక్టోబరు నుంచి ప్రతి పదిహేను రోజులకీ అందులో టేపు దింపి మట్టం కొలిచి రచ్చబండ పక్క గోడ మీద రాస్తాం. గోడకి సున్నం మొన్ననే వేశారు.