పళ్ల గార తీసేవాళ్లకి శాడిల్ స్టూలు: కొనేముందు టేపు పట్టుకెళ్లండి

సాయంత్రానికి, డెంటల్ క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టు మెడా నడుమూ పట్టేస్తే పేషెంట్లు ఎక్కువయ్యారని అనుకుంటాం. చాలాసార్లు తప్పు కూర్చున్న స్టూలుది. శాడిల్ స్టూలు, అంటే గుర్రపు జీను ఆకారంలో ఉండే సీటు, ఆ తప్పుని చాలావరకు సరిచేస్తుంది. కానీ పేషెంట్ కుర్చీ దానికి సహకరిస్తేనే. ఆ సంగతి డెంటల్ డిపోలో, అంటే పళ్ల డాక్టర్ల సామాన్లు అమ్మే దుకాణంలో, ఎవరూ చెప్పరు.

మామూలు గుండ్రటి స్టూలు మీద తొడలు నేలకి సమంగా ఉంటాయి, తుంటి దగ్గర 90 డిగ్రీల మడత పడుతుంది. అప్పుడు కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, వెనక్కి ఒరిగి, నడుములో ఉండాల్సిన వంపు పోతుంది. ఇక నోట్లోకి చూడాలంటే వీపూ మెడా కలిసి వంగాల్సిందే. శాడిల్ మీద కాళ్లు ఎడంగా, తొడలు కిందికి వాలి ఉంటాయి. మడత 135 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది, వెన్ను పెద్దగా ప్రయాస లేకుండా నిలబడుతుంది.

తేడా బాగా తెలిసేది కింది ముందు పళ్ల లోపలి వైపు. గార దట్టంగా పేరుకునే చోటు అదే. మామూలు స్టూలు మీద పేషెంట్ తల వెనక్కి, అంటే గడియారంలో 12 గంటల స్థానానికి వెళ్తే మోకాళ్లు బ్యాక్‌రెస్ట్‌కి తగులుతాయి. అందుకని పక్కన, 9 గంటల దగ్గరే ఉండిపోయి, నడుము మెలితిప్పి పని కానిచ్చేస్తారు. శాడిల్ మీద మోకాళ్లు కిందికి దిగి ఉంటాయి కనుక హెడ్‌రెస్ట్ కిందికి దూరిపోతాయి. తల వెనక నుంచి, అద్దం పట్టుకుని, మెడ పెద్దగా వంచకుండా, గార తీసే పనిముట్టైన స్కేలర్ నడపొచ్చు.

ఇప్పుడు చిక్కు సంగతి. ఈ స్టూలు మీద మనిషి మామూలు కంటే బాగా ఎత్తులో కూర్చుంటారు. పేషెంట్ నోరు మన మోచేతి ఎత్తుకి రావాలి. పాత కుర్చీలు కొన్ని అంత పైకి లేవవు. అప్పుడు శాడిల్ కొన్నా మళ్లీ వంగడమే, పైగా ఇంకా ఎక్కువ వంగాలి. అందుకే ముందు క్లినిక్‌లోని కుర్చీని పూర్తిగా పైకి లేపి, ఎవరినైనా పడుకోబెట్టి, నేల నుంచి నోటి దాకా కొలవండి. డిపోలో స్టూలు మీద కూర్చుని, చేతులు పక్కలకి వదిలి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. రెండో కొలత మొదటిదానికంటే బెత్తెడు ఎక్కువైనా ఆ స్టూలు వద్దు.

సీటుని పైకీ కిందికీ జరిపే గ్యాస్ సిలిండర్ పొడవు కూడా చూడాలి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి సీటు 55 సెంటీమీటర్ల దగ్గరికి దిగగలగాలి. దిగకపోతే పొట్టి సిలిండర్ అడగండి. సీటు మరీ ఎత్తైతే మునివేళ్ల మీద వేలాడతారు, మరీ తగ్గితే కటి మళ్లీ వెనక్కి ఒరిగి కొన్న ప్రయోజనమే పోతుంది. సీటుని ముందుకి వంచే లివర్ లేని మోడల్ చవకగా వచ్చినా తీసుకోవద్దు.

సీట్లు రెండు రకాలు. ఆస్ట్రేలియా బాంబాక్ లాంటివి ఒకే ముక్క. ఫిన్లాండ్ సాల్లి లాంటివి మధ్యలో చీలి రెండు ముక్కలుగా ఉంటాయి, ఆ సందు వల్ల కటి కింద మెత్తటి భాగం మీద ఒత్తిడి తగ్గుతుంది. మన ఎండలకి చీలిక సీటే నయం, గాలి ఆడుతుంది. చీరతో మాత్రం రెండిటి మీదా కూర్చోలేరు. స్క్రబ్స్ అయినా, వదులు సల్వార్ అయినా ఉండాలి.

కుట్లు కనిపించే సీటు వద్దు. స్కేలింగ్ తుంపర్లు ఆ దారాల్లోకి ఇంకితే తుడిచినా పోవు. రోజూ స్పిరిట్‌తో తుడిస్తే చవక రెగ్జిన్ పెళుసెక్కి పగులుతుంది, కవరు ఏ క్రిమిసంహారకాలకి తట్టుకుంటుందో ముందే అడగండి. టైల్స్ నేలకి గట్టి నైలాన్ చక్రాలైతే కూర్చోబోయేలోపే స్టూలు జారిపోతుంది. మెత్తటి పాలీయురెథేన్ చక్రాలు వేయించండి.

స్కేలర్‌ని కాలితో నడిపే ఫుట్ పెడల్‌ని మర్చిపోతారు. కాళ్లు ఎడంగా ఉంటాయి కనుక పాత చోటే ఉంచితే దానికోసం కాలు లోపలికి లాగుతూ ఉండాలి, ఒక తుంటి మీదే బరువు పడుతుంది. పెడల్‌ని పాదం సహజంగా ఆనే చోటికి జరపండి.

భుజం నొప్పినీ మణికట్టు నొప్పినీ ఈ స్టూలు తీర్చదు. గార గీకే చేతి పనిముట్టు, క్యూరెట్, మొండిబారితే ఎంత బాగా కూర్చున్నా గట్టిగా నొక్కక తప్పదు, దానికి సానరాయే మందు.

డిపోవాళ్లని వారం రోజుల ట్రయల్ అడగండి, రెండు మూడు రోజులది సరిపోదు. మొదట్లో తొడల లోపలి వైపు నొప్పి పుడుతుంది, చాలామంది అక్కడే స్టూలు వెనక్కి పంపేస్తారు. మొదటి రోజు అరగంట, తర్వాత రోజుకో అరగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. వారం చివరికి కూడా తొడలు తిమ్మిరెక్కుతుంటే ఆ సీటు వెడల్పు మీకు పడలేదన్నమాట, తిరిగి ఇచ్చేసి ఇరుకు సైజు అడగండి.