కాగితమా, చెక్కా? రెండు చిన్న మరియమాత పటాల్లో దేని చరిత్ర గట్టిది?

2004లో రెండు పెద్ద మ్యూజియంలు చెరో చిన్న పటం కొన్నాయి. ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ వేసిన 'మడోన్నా ఆఫ్ ది పింక్స్' 2 కోట్ల 20 లక్షల పౌండ్లకు లండన్ నేషనల్ గ్యాలరీకి వచ్చింది. అతనికన్నా పాతవాడైన ఇటలీ చిత్రకారుడు దూచ్చో వేసిన మరియమాత, బాలయేసుల పటం సుమారు నాలుగున్నర కోట్ల డాలర్లకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు చేరింది. రెండూ చెక్క మీద వేసినవే, ఎత్తు 28 సెంటీమీటర్ల లోపే. ఒక్కరు ఎదుట పెట్టుకుని ప్రార్థించుకునే కొలత అది.

పటం ఎవరి చేతులు మారిందో చెప్పే కాగితాల్లో పైచేయి రఫాయెల్‌దే. 1853లో ఇంగ్లండ్ ప్రభువు నార్తంబర్లాండ్ నాలుగో డ్యూక్ రోమ్‌లోని కముచ్చీనీ కుటుంబపు సేకరణను కొన్నప్పుడు ఇదీ వచ్చింది. ఆపైన 150 ఏళ్లు ఒకే కుటుంబం. పెరూజియాలోని ఓ సన్యాసిని కోసం వేశాడన్న ముందు కథ మాత్రం కముచ్చీనీల మాట. అమ్మేవాడు చెప్పే వంశావళిని సగానికే లెక్కేసుకోవాలి.

ఇంత పత్రబలం ఉండి కూడా ఈ పటాన్ని వందేళ్లకు పైగా నకలనే అనుకున్నారు. ఎవరి దగ్గర ఉందో కాగితం చెబుతుంది, ఎవరు వేశారో చెప్పదు. 1991లో నేషనల్ గ్యాలరీకి చెందిన నికొలస్ పెన్నీ దీన్ని ఆ డ్యూక్‌ల ఆనిక్ కోటలో చూసి, అసలుదేనేమో అని అనుమానించాక పరారుణ పరీక్షలో రంగు కింది గీతలు బయటపడ్డాయి. గీసి, మనసు మార్చుకుని, మళ్లీ దిద్దిన గీతలవి. నకలు తీసేవాడి ఎదుట తయారైన బొమ్మే ఉంటుంది, అతనికి ఆ తడుములాట ఎందుకు?

దూచ్చో పటం సుమారు 1300 నాటిది. కాగితం మీద దాని జాడ 20వ శతాబ్దం మొదట్లో గాని పెద్దగా తేలదు: రోమ్‌లో ఉన్న స్ట్రొగనోఫ్ ప్రభువు, 1904 సియెనా ప్రదర్శన, తర్వాత బ్రస్సెల్స్‌లోని స్టొక్లే కుటుంబం. దాదాపు ఆరు వందల ఏళ్ల ఖాళీ! అందుకే 2006లో జేమ్స్ బెక్ అనే ఆచార్యుడు ఇది 19వ శతాబ్దపు నకిలీ అన్నాడు. మ్యూజియం ఒప్పుకోలేదు, పండితుల్లో ఎక్కువమందీ ఒప్పుకోలేదు. పటానికి పాత చట్రమే ఉంది. దాని కింది అంచు కొవ్వొత్తుల సెగకు కాలి ఉంది. ఎవరి ఇంట్లో ఉందో తెలియకపోయినా, దీని ముందు దీపం పెట్టి మొక్కారని తెలుస్తోంది. రఫాయెల్ పటానికి అలాంటి సాక్ష్యం లేదు.

హక్కు తేల్చాలంటే కాగితమే కావాలి. కొనేవాళ్లు ముందుగా అడిగేది 1933–45 నాజీ కాలంలో పటం దోపిడీకి గురైందా అని; అప్పుడు ఈ రెండూ పాత యజమానుల కుటుంబాల్లోనే ఉన్నాయి కాబట్టి ఆ చిక్కు లేదు. భక్తిపటంగా ఎలా బతికిందన్నది ప్రశ్నయితే మాత్రం నా ఓటు దూచ్చోకే.

ఇలాంటి పాత పటం చేతికొస్తే చట్రం మార్చకండి, వెనక చీటీలు, లక్క ముద్రలు పీకకండి, కాలిన అంచును గీకకండి. ముందు వెనకవైపు ఫోటో తీయించండి.